ఖాసిం రజ్వీ, రజాకార్లు: నిజాం రాజ్యపు చివరి రోజుల బెదిరింపు రాజకీయం

సయ్యద్ ఖాసిం రజ్వీ (1902–1970) లాతూరులో వకీలు. 1946లో మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడయ్యాడు. రజాకార్లనే వాలంటీర్ల దండును నడిపి, హైదరాబాద్ సంస్థానం చివరి రెండేళ్ళనూ తన చుట్టూ తిప్పుకున్నాడు. రజాకార్ అన్న మాట తెలంగాణ పల్లెల్లో నేటికీ తిట్టుగానే బతికి ఉంది. ఆయన గురించి మన పుస్తకాలు సాధారణంగా చెప్పేది ఒక మతోన్మాది కథ: ఊగిపోతూ ఉపన్యాసాలిచ్చాడు, ఊళ్ళు తగలబెట్టించాడు, పోలీసు చర్యతో కూలిపోయాడు. అందులో అబద్ధమేమీ లేదు, కాని అంతటితో ఆగితే అసలు సంగతి చేజారుతుంది. ఓటు ద్వారా గాని చట్టం ద్వారా గాని నిలబెట్టుకోలేని పెత్తనాన్ని భయంతో నిలబెట్టుకోవాలనుకున్న వర్గాలకు ఒక నాయకుడు కావలసి వచ్చాడు. రజ్వీ ఆ అవసరం తీర్చాడు. భయపెట్టే దండు ఎంత పెద్దదైనా, కుర్చీలో ఉన్న ప్రభుత్వం కళ్ళు మూసుకుంటేనే అది రాజకీయ శక్తి అవుతుంది. రజ్వీ ఎదుగుదల, ఆయన పతనం, ఆయన పోయాక కూడా పల్లెల్లో మిగిలిన దొరతనం, ఈ మూడింటినీ ఆ సూత్రమే వివరిస్తుందని ఈ వ్యాసం వాదన.

ముందు రాజ్యం స్వరూపం చూడాలి. 1941 జనగణన ప్రకారం సంస్థానం జనాభా సుమారు 1 కోటి 63 లక్షలు. అందులో ముస్లింలు దాదాపు ఎనిమిదో వంతు. భాషల లెక్కన తెలుగువాళ్ళే సగానికి దగ్గరగా ఉన్నారు. సర్కారు కొలువుల్లో, సైన్యంలో, పోలీసుల్లో మాత్రం ఈ లెక్క తలకిందులు. 1946 నాటి రాజకీయ సంస్కరణలు హిందువులకూ ముస్లింలకూ సమాన సంఖ్యలో స్థానాలిచ్చాయి. అంటే జనాభాలో ఎనిమిదో వంతుకు సగం వాటా. స్టేట్ కాంగ్రెస్ ఆ ఎన్నికలను బహిష్కరించింది. 1938లో పుట్టిన ఆ సంస్థ మీద నిషేధం ఎత్తేసింది కూడా 1946లోనే. భూమి సంగతి చూస్తే సుమారు 60 శాతం దివానీ (సర్కారు భూమి) కింద, 30 శాతం జాగీర్ల కింద, మిగిలిన 10 శాతం నిజాం సొంత ఖర్చుల కోసం సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేది. ఏ పేరు కింద ఉన్నా సేద్యం చేసేవాడి నెత్తిన దేశ్‌ముఖో, జాగీర్దారో, పటేల్ పట్వారీలో కూర్చునేవారు, వెట్టి తప్పేది కాదు. కృష్ణకు ఇవతలి ఒడ్డున ఉన్న పల్నాడు, ఇంకాస్త దక్షిణాన వినుకొండ తాలూకాలోని నూజెండ్ల వంటి ఊళ్ళు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అక్కడా భూస్వాములున్నారు, కులపు కట్టుబాట్లున్నాయి. కాని 1937 నుంచి, కొద్దిమందికే ఓటున్నా, ఎన్నికైన మంత్రివర్గాన్ని చూశారు. ఏరు దాటితే నల్గొండ జిల్లా. అక్కడ మాట్లాడేదీ తెలుగే, సభ పెట్టుకోవాలంటే మాత్రం సర్కారు అనుమతి కావాలి.

ఈ రాజ్యంలో ముస్లిం అంటే కేవలం ప్రజ కాదు, పాలనలో భాగస్వామి అనే సిద్ధాంతం మజ్లిస్‌ది. 1927లో సంస్థగా మొదలైన మజ్లిస్‌ను 1938 తర్వాత బహదూర్ యార్ జంగ్ బలమైన రాజకీయ పక్షంగా మలిచాడు. నిజాం అధికారం నిజానికి ముస్లిం సమాజపు అధికారమేనని, ప్రతి ముస్లిమూ తానే పాలకుణ్ణని భావించాలని బోధించే 'అనల్ మాలిక్' నినాదం ఆయన కాలానిదే. పాత బస్తీలో జట్కా తోలుకునేవాడికీ, గుమాస్తాకూ, కూలివాడికీ ఈ మాట గొప్ప గౌరవాన్నిచ్చింది. అన్నం మాత్రం పెట్టలేదు. జాగీర్లన్నీ కొద్దిమంది నవాబుల చేతుల్లోనే ఉన్నాయి, మెజారిటీ ముస్లింలు తక్కిన పేదల్లాగే బతికారు. 1944లో బహదూర్ యార్ జంగ్ ఆకస్మికంగా చనిపోయాడు. రెండేళ్ళ తర్వాత నాయకత్వం రజ్వీ చేతికొచ్చింది. పాత నాయకుడు వక్త, సంస్థను కట్టినవాడు. కొత్త నాయకుడూ వక్తే, కాని ఆయన చూపు వాలంటీర్ల దండు మీద పడింది. ఖాకీ బట్టలు, కవాతు, ప్రాణమిస్తానన్న ప్రమాణం, జిల్లా జిల్లాకూ సాలార్లనే నాయకులు. ఆ దండు సంఖ్య 1948 నాటికి లక్ష దాటిందని కొందరు, రెండు లక్షలని కొందరు అంచనా కట్టారు. అందరి దగ్గరా తుపాకులు లేవు. చాలామంది దగ్గర కత్తులు, బల్లేలు, బర్మార్లే. వాళ్ళ బలం ఆయుధంలో కంటే, వాళ్ళు ఊరి మీద పడితే పోలీసు ఠాణా కదలదన్న నమ్మకంలోనే ఉంది.

ఆ నమ్మకం ఎలా ఏర్పడిందో తెలియాలంటే 1947 అక్టోబరు 27 తెల్లవారుజామును దగ్గరగా చూడాలి. బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోయాక నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భారత్‌లో చేరనన్నాడు. కాని ఏడాదిపాటు అమలయ్యే యథాతథ ఒడంబడిక కోసం చర్చలు సాగాయి. ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు, న్యాయ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ ఢిల్లీ నుంచి ముసాయిదా తెచ్చారు. నిజాం కార్యనిర్వాహక మండలి 6–3 ఓట్లతో దాన్ని ఆమోదించింది. నిజాం కూడా సరేనన్నాడు, సంతకాన్ని మాత్రం వాయిదా వేశాడు. ప్రతినిధి వర్గం మళ్ళీ ఢిల్లీకి బయలుదేరాల్సిన రోజున, ఇంకా చీకటి ఉండగానే, వేలాదిగా జనం ఈ ముగ్గురి ఇళ్ళనూ చుట్టుముట్టారు. మైకుల్లో నినాదాలు. కార్లు కదిలే దారి లేదు. పోలీసుల జాడ లేదు. చివరికి సైన్యం వచ్చి వాళ్ళను వేరే చోటికి చేర్చింది. ఆ ఉదయం నిజాం చేయవలసిన పని ఒక్కటే: గుంపును నడిపించినవాణ్ణి అరెస్టు చేయించడం. బదులుగా ఆయన రజ్వీని పిలిపించి మాట్లాడాడు. భారత్ కశ్మీరులో తలమునకలై ఉంది, ఇప్పుడు గట్టిగా నిలబడితే ఇంకా మంచి షరతులు దొరుకుతాయని రజ్వీ వాదించాడు. నిజాం విన్నాడు. ఛత్తారీ రాజీనామా చేశాడు, కొత్త ప్రతినిధి వర్గం వెళ్ళింది, నవంబరు 29న ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. దాని సారాంశానికీ పాతదానికీ పెద్ద తేడా లేదు. తేడా వచ్చింది హైదరాబాద్‌లో. ప్రధాని పదవిలోకి మజ్లిస్‌కు నచ్చిన మీర్ లాయక్ అలీ వచ్చాడు. ఒక గుంపు ఒక మంత్రివర్గాన్ని దించగలదని, దానికి శిక్ష ఉండదని రాజ్యంలోని ప్రతి అమీనుకూ తెలిసిపోయింది.

ఇలాంటిది చరిత్రలో ఇక్కడే మొదలు కాదు. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాది రాష్ట్రాల్లో బానిసత్వం పోయి నల్లవారికి ఓటు వచ్చింది. పునర్నిర్మాణ యుగమని పిలిచే ఆ కాలంలో సౌత్ కరోలినా జనాభాలో పదిమందికి ఆరుగురు నల్లవారే. శాసనసభ దిగువ సభలో వాళ్ళదే మెజారిటీ. 1876లో వేడ్ హాంప్టన్ అనే మాజీ సేనాని, ఒకప్పటి పెద్ద బానిస యజమాని, గవర్నరు పదవికి పోటీ చేశాడు. ఆయన వెంట ఎర్ర చొక్కాల దండు నడిచింది. ఆ ఏడాది జూలైలో హాంబర్గ్‌లో, సెప్టెంబరులో ఎలెన్టన్‌లో నల్లవారిని చంపారు. తుపాకీ సంఘాలను రద్దు చేయమని అధ్యక్షుడు గ్రాంట్ అక్టోబరులో ఉత్తర్విస్తే, అవి సంగీత సంఘాలుగా, బేస్‌బాల్ సంఘాలుగా పేరు మార్చుకుని కొనసాగాయి. కొన్ని కౌంటీల్లో ఓటర్ల కంటే ఓట్లు ఎక్కువ పడ్డాయి. నెలల తరబడి రాష్ట్రంలో ఇద్దరు గవర్నర్లు, రెండు శాసనసభలు. 1877 ఏప్రిల్‌లో అధ్యక్షుడు హేస్ రాష్ట్ర సభా భవనం దగ్గర నుంచి ఫెడరల్ సైన్యాన్ని వెనక్కి రప్పించాడు, హాంప్టన్ గద్దె ఎక్కాడు. అల్పసంఖ్యలో ఉన్న పాలకవర్గం, యూనిఫారం వేసిన ప్రైవేటు దండు, ఇంటి ముందుకొచ్చే భయం: ఈ మూడూ హైదరాబాద్‌లోనూ కనిపిస్తాయి. కాని నాయకుల తీరులో పెద్ద తేడా ఉంది. హాంప్టన్ మెత్తగా మాట్లాడేవాడు, నల్లవారి హక్కులు కాపాడతానని సభల్లో చెప్పేవాడు, తుపాకీ పట్టినవాడికీ తనకూ మధ్య దూరం పాటించేవాడు. అలసిపోయిన ఉత్తరాది రాజకీయ నాయకులకు ఆ మెత్తదనం ఒక సాకు ఇచ్చింది. రజ్వీ తన దండును తానే పొగిడేవాడు, బహిరంగంగా హెచ్చరించేవాడు. ఢిల్లీలో ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టాలన్నవాళ్ళ నోళ్ళు ఆయన ఉపన్యాసాలే మూయించాయి.

ఈ పోలికకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. అమెరికాలో అది జాతి పెత్తనం, తెల్లవాళ్ళంతా ఒక పక్క, నల్లవాళ్ళంతా ఇంకో పక్క. హైదరాబాద్‌లో అది మత ఘర్షణ, రెండూ ఒకటెలా అవుతాయని అడుగుతారు. ఆ మాటకు జవాబు తెలంగాణ పల్లెల్లోనే దొరుకుతుంది. రజాకార్లు ఎవరి తరఫున వచ్చారో చూడండి. 1944లో భువనగిరి మహాసభ తర్వాత, సంస్థానంలోని తెలుగువాళ్ళ సంస్థ ఆంధ్ర మహాసభ కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. 'సంగం' పేరుతో ఊరూరా వెట్టి వద్దన్నారు, లెవీ ధాన్యం ఇచ్చేది లేదన్నారు, దొరలు లాక్కున్న భూములు తిరిగి దున్నారు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చి చంపారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట కోసం ఆ దొరతోనే పోరాడింది. వేల, లక్షల ఎకరాలున్న ఈ దేశ్‌ముఖులు ఎక్కువమంది హిందువులే, రెడ్లు, వెలమలు. సంగం తాకిడికి గడీలు వదిలి పట్నం పారిపోయిన దొరలు రజాకార్లనూ నిజాం పోలీసులనూ వెంటబెట్టుకుని ఊరికి తిరిగొచ్చారు. లాయక్ అలీ మంత్రివర్గంలో పింగళి వెంకటరామారెడ్డి ఉప ప్రధాని. కనుక తెలంగాణ పల్లెలో భయం పనిచేసింది మతం గీత మీద కాదు, భూమి గీత మీద. సౌత్ కరోలినాలోనూ ఎర్ర చొక్కాలు ప్రధానంగా కాపాడింది తోటల యజమానుల పెత్తనాన్నే. జాతి పేరు చెప్పి అక్కడ పేద తెల్లవాణ్ణి గుర్రమెక్కించినట్టే, పాలకుడివి నువ్వేనని చెప్పి ఇక్కడ పేద ముస్లిం చేతికి బల్లెం ఇచ్చారు. మరాఠ్వాడా జిల్లాల్లో మత కోణం చాలా పదునుగా ఉందన్నది నిజం. దాన్ని తక్కువ చేయనక్కరలేదు. అక్కడ కూడా లాభం ఎవరిదన్న ప్రశ్న మాత్రం వేయాల్సిందే.

బైరాన్‌పల్లి ఈ మాటకు సాక్ష్యం. నేటి సిద్దిపేట జిల్లాలోని ఈ ఊరి జనం దోపిడీకొచ్చిన రజాకార్లను ఒకటికి రెండుసార్లు తిప్పికొట్టారు. ఊరి నడుమ ఎత్తయిన బురుజు, దాని మీద కాపలా, చేతుల్లో నాటు తుపాకులు, వడిసెలలు. వడిసెల అంటే పంట మీద వాలే పిట్టలను తోలే సాధనం. ఆ రోజుల్లో అదే పల్లెకు ఆయుధం. 1948 ఆగస్టు 27న తెల్లవారకముందే రజాకార్లు ఈసారి నిజాం పోలీసులతో, సైనికులతో కలిసి వచ్చారు. బురుజు మీదివాళ్ళ మందుగుండు అయిపోయింది. దొరికినవాళ్ళను వరుసగా నిలబెట్టి కాల్చారు. చనిపోయినవారు తొంభై మందికి పైనని, నూట ఇరవైకి దగ్గరని వేరువేరు లెక్కలున్నాయి. ఇందులో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మూడో దాడిలో సర్కారు బలగం ఉండటం. రజాకార్లు తమంతట తాము ఆ ఊరిని గెలవలేకపోయారు. రెండుసార్లు ఓడిన దండును మూడోసారి గెలిపించింది ప్రభుత్వం.

రజ్వీని సమర్థించినవాళ్ళ వాదన కూడా వినాలి. రజాకార్లు ఆత్మరక్షణ కోసమే పుట్టారని, సరిహద్దుల వెంట కాంగ్రెస్ శిబిరాలు పెట్టి కరోడ్‌గిరీ (సుంకాల) నాకాల మీద దాడులు చేశారని, 1948 జనవరి 30న ఉమ్రీలో బ్యాంకు దోచారని, నల్గొండ, వరంగల్ జిల్లాల్లో కమ్యూనిస్టు దళాలు చంపాయని, భారత్ దిగ్బంధం విధించిందని వాళ్ళు గుర్తుచేస్తారు. ఇవన్నీ జరిగాయి. సరిహద్దు దాడుల్లో మామూలు ముస్లిం కుటుంబాలూ నష్టపోయాయి. ఆ నొప్పిని కాదనడం అన్యాయం. అయితే తేదీలు చూస్తే వాదన నిలవదు. ఛత్తారీ ఇల్లు ముట్టడించింది 1947 అక్టోబరులో, ఒక శాంతి ఒప్పందం చేతికందబోతున్న క్షణంలో. అప్పటికి ఉమ్రీ జరగలేదు. ముట్టడికి గురైనవాళ్ళలో కాంగ్రెస్‌వాడు లేడు, కమ్యూనిస్టు లేడు. ముగ్గురూ నిజాం మనుషులు, ఇద్దరు ముస్లింలు, ఒకడు ఇంగ్లీషువాడు. ఆత్మరక్షణ కోసం లేచిన దండు మొదటి పెద్ద దెబ్బ తమ సర్కారు ప్రతినిధుల మీదే ఎందుకు వేసింది? రాజీ కుదిరితే తర్వాత బాధ్యతాయుత ప్రభుత్వం వస్తుంది, ఆ ప్రభుత్వంలో లెక్క జనాభా ప్రకారం ఉంటుంది. రజ్వీ ఆపదలచింది దాన్ని. ఆయన ఆపినది యుద్ధాన్ని కాదు, యుద్ధం అక్కరలేకుండా పోయే దారిని.

రజాకార్ల చరిత్ర చెబితే ముస్లింలందరి మీదా మచ్చ పడుతుందని ఇంకొందరు జంకుతారు. కొందరు ఆ మచ్చ వేయడానికే ఈ చరిత్రను ఎత్తుకుంటారు కూడా. ఇద్దరికీ షోయబుల్లా ఖాన్ పేరే సమాధానం. మానుకోట ప్రాంతపు సుబ్రవేడులో పుట్టిన ఈ యువకుడు హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక నడిపాడు. భారత్‌లో చేరడమే మేలని, బాధ్యతాయుత ప్రభుత్వం కావాలని, రజాకార్లను రద్దు చేయాలని రాశాడు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఇదే అభిప్రాయంతో చేసిన ప్రకటనను తన పత్రికలో అచ్చువేశాడు. ఆగస్టు 21 అర్ధరాత్రి ఆఫీసు పని ముగించుకుని కాచిగూడ వైపు ఇంటికి నడిచి వస్తుంటే, వెనక నుంచి కాల్చి, రాసే చేతిని నరికేశారు. అడ్డుపడిన బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌నూ గాయపరిచారు. షోయబుల్లాకు అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. బెదిరింపు రాజకీయానికి ఎదుటి మతంవాడి కంటే తనవాళ్ళలో కాదన్నవాడంటేనే ఎక్కువ భయం. వాడి గొంతు నొక్కితే తప్ప మేమంతా ఒకటే అన్న మాట చెల్లదు. సౌత్ కరోలినాలో నల్లవారి పక్షాన నిలిచిన తెల్ల రిపబ్లికన్లకు కూడా ఇదే గతి పట్టింది.

భారత సైన్యానికి లొంగిపోయిన తర్వాత 1948 సెప్టెంబరు 23న నిజాం రేడియోలో మాట్లాడుతూ నేరమంతా రజ్వీ మీద వేశాడు. కొద్దిమంది తన ఇష్టానికి వ్యతిరేకంగా రాజ్యాన్ని చేజిక్కించుకున్నారని, తాను నిస్సహాయుణ్ణయ్యానని చెప్పుకున్నాడు. చాలామంది చరిత్రకారులు ఈ మాటను సగం నమ్మారు. నాకు నమ్మకం కుదరదు. అక్టోబరు 27న ఆయన చేతిలో ఒక సైన్యం ఉంది, ఆ సైన్యం ఆయన మాట వింటుంది కూడా. ముట్టడిలో చిక్కినవాళ్ళను బయటికి తెచ్చింది ఆ సైన్యమే. ఆ తర్వాత లొంగిపోయే రోజు దాకా రజాకార్లను నిషేధిస్తూ ఒక్క ఫర్మానా రాలేదు. నిషేధించమని ఢిల్లీ పదేపదే కోరింది, లాయక్ అలీ ప్రభుత్వం దాటవేసింది. రజ్వీ దండు బేరంలో పనికొస్తుందని నిజాం లెక్క వేసుకున్నాడు, ఆ లెక్క తప్పింది. తప్పిన లెక్కను నిస్సహాయత అనడం, బైరాన్‌పల్లి బురుజు కింద పడ్డ శవాలకు న్యాయం చేయదు.

సెప్టెంబరు 13న పోలీసు చర్య పేరుతో భారత సైన్యం షోలాపూర్ వైపు నుంచి ప్రధానంగా, బెజవాడ వైపు నుంచి మరో దండుగా లోపలికి వచ్చింది. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. లక్షల దండు అని చెప్పుకున్నది యుద్ధంలో నిలవలేకపోయింది, ఎందుకంటే అది యుద్ధానికి తయారైంది కాదు, నిరాయుధుల్ని అదరగొట్టడానికి తయారైంది. రజ్వీని అరెస్టు చేశారు. బీబీనగర్ దోపిడీ కేసులో ఏడేళ్ళ శిక్ష పడింది. 1957లో విడుదలై, మజ్లిస్‌ను అబ్దుల్ వాహెద్ ఒవైసీకి అప్పగించి పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. 1970లో కరాచీలో చనిపోయాడు. ఆయన చేసిన పాపానికి మూల్యం చెల్లించింది ఆయన కాదు. సైన్యం వచ్చిన వెనకనే మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో సామాన్య ముస్లింల మీద భయంకరమైన ప్రతీకారం సాగింది. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయని, కొన్నిచోట్ల బలగాల పాత్ర కూడా ఉందని రాసింది. పొరుగు ముస్లింలను ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువులనూ ఆ నివేదిక పేర్కొంది. దశాబ్దాల పాటు ఆ నివేదికను జనం ముందు పెట్టలేదు. రజాకార్లు చేసిన హత్యల లెక్క చెప్పే ప్రతి పుస్తకమూ ఈ లెక్కను కూడా చెప్పి తీరాలి. ఒకటి చెప్పి రెండోది దాచేవాడు చరిత్ర రాయడం లేదు.

పల్లెల్లో ఇంకో సంగతి జరిగింది. రజాకార్లతో తిరిగొచ్చి మళ్ళీ పారిపోయిన దేశ్‌ముఖులు ఈసారి ఖద్దరు టోపీలు పెట్టుకుని భారత సైన్యం వెనక వచ్చారు. సంగం పంచిన భూములు గుంజుకున్నారు. కమ్యూనిస్టుల పోరాటం మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచిందని ఆ పార్టీ లెక్క; అందులో చాలా భాగం తిరిగి దొరల చేతిలోకి వెళ్ళింది. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. అమెరికాలో పాత తోటల యజమానులు తిరిగి గద్దెనెక్కడాన్ని వాళ్ళు విమోచనమనే పిలుచుకున్నారు. మనకూ నిజాం లొంగిపోయిన సెప్టెంబరు 17కు అదే పేరు పెట్టాలనే వాళ్ళున్నారు. ఎవరికి విమోచనం, ఏ మేరకు అని గ్రామాన్ని బట్టి, కులాన్ని బట్టి అడగకుండా ఆ పేరు వాడటం తొందరపాటు. అలాగని రెండు చోట్లా ఒకే ఫలితం వచ్చిందని చెప్పలేం. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. సౌత్ కరోలినాలో 1895 రాజ్యాంగం నల్లవారి ఓటును దాదాపు తుడిచిపెట్టింది, అది చేతికి తిరిగి రావడానికి 1965 ఓటు హక్కు చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలో 1952లోనే వయోజనులందరి ఓటు హక్కుతో ఎన్నికలు జరిగాయి. ఆ ఎన్నికలో, వెట్టి వద్దన్నందుకు నిజాం సర్కారూ తర్వాతి సర్కారూ వేటాడిన రావి నారాయణరెడ్డికి, నల్గొండ లోక్‌సభ స్థానంలో పడ్డ ఓట్లు, జవహర్‌లాల్ నెహ్రూకు తన స్థానంలో వచ్చినవాటికంటే ఎక్కువ.